కార్డు తుడిచేముందు ఒక మాట

మన కాలేజీ డే వీడియో చూడాలని ఉందని ఎవరైనా అడిగితే మనం చూపించగలిగింది యూట్యూబులో ఉన్న నాలుగు నిమిషాల ముక్క. డ్రోను పైకి లేస్తుంది, పాట అందుకుంటుంది, ముఖ్య అతిథి దీపం వెలిగిస్తారు, ముందు వరసవాళ్ళు చప్పట్లు కొడతారు, పాట అయిపోతుంది. నెలరోజులు రిహార్సల్సు చేసి మన మిత్రులు ఆడిన నాటకానికి అందులో దక్కిన వాటా పట్టుమని పది సెకన్లు. "మిగతాదేదన్నా?" అంటే "కార్డు ఫార్మాట్ కొట్టేసినారంట" అని జవాబు. అడిగినవాడికి ఆశ్చర్యం లేదు, చెప్పినవాడికి సంకోచం లేదు.

సావనీరంటేనే జ్ఞాపకంగా దాచుకునేది గనక ఈ సంగతి ఇక్కడ రాయడమే సబబు. మన ఫోటోలు, పేర్లు అచ్చు వేయించి దాచుకునే మనమే కదిలే బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఇంత ఉదాసీనంగా ఎందుకుంటున్నాం? నాకు తోచిన కారణం ముందే చెప్పేస్తాను. టేపు ఉన్నన్నాళ్ళూ 'అసలు' అనేది ఎవరూ పట్టించుకోకపోయినా మిగిలిపోయేది. టేపు పోయాక, ఎవరో ఒకరు పనిగట్టుకుని మిగిలిస్తేనే మిగులుతుంది. ఈ తేడా కెమెరా పట్టేవాళ్ళలో చాలామందికి పట్టలేదు, డబ్బిచ్చేవాళ్ళకు అసలే పట్టలేదు. ఎడిటింగులో వచ్చే తలనొప్పులు ముప్పాతిక మువ్వీసం ఇక్కడే పుడుతున్నాయని నా అభిప్రాయం.

మినీ డీవీ కేసెట్టు 1995లో వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే ఆ కేసెట్టు మామూలుగా గంటసేపు పట్టేది. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికీ గంటే పట్టేది. మన వైపు ఎడిటింగును మిక్సింగ్ అనేవాళ్ళు, ఇప్పటికీ కొందరంటారు. ఆ షాపుల్లో కుర్రాళ్ళు కేసెట్టు పెట్టేసి టీ తాగి, కబుర్లు చెప్పుకుని వచ్చేవాళ్ళు. ఆ ఆలస్యాన్ని తిట్టుకోనివాడు లేడు. అయితే పని అయ్యాక కేసెట్టు బీరువాలో పడి ఉండేది. కంప్యూటరు చెడిపోయినా, పెళ్ళివారు పదేళ్ళకు తిరిగొచ్చినా కేసెట్టు ఉండేది. బూజు పట్టి ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

టేపుల కాలమంతా సత్యకాలమని నేననడం లేదు. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన 1969 నాటి అపోలో 11 ప్రసారాన్ని నేరుగా రికార్డు చేసిన మూల టేపుల కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొన్నేళ్ళు వెదికింది. టేపుల కొరత వల్ల వాటిని చెరిపేసి మళ్ళీ వాడుకుని ఉంటారని 2009లో తేల్చి చెప్పింది. టీవీల్లో ప్రసారమైన నకళ్ళు దక్కాయి గాని, అంతకంటే స్పష్టమైన అసలు దక్కలేదు. అంటే చెరిపే అలవాటు టేపు నాడూ ఉంది. కాకపోతే ఆనాడు చెరపడానికి పనిగట్టుకోవాలి, ఈనాడు చెరపకుండా ఉండడానికి పనిగట్టుకోవాలి.

పానసోనిక్ వాళ్ళ పీటూ కార్డులు 2004లో వచ్చాయి. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ పద్ధతిని ప్రకటించాయి. దానితో చిన్న కెమెరాలు కూడా కార్డుల్లోకి మారాయి. 2011 మార్చిలో జపానులో వచ్చిన భూకంపం, సునామీ దెబ్బకు సోనీ వాళ్ళ టేపుల ఫ్యాక్టరీ మునిగి, స్టూడియోలు వాడే ఖరీదైన టేపులకు ప్రపంచమంతా కరువొచ్చింది. అటో ఇటో అని తటపటాయిస్తున్నవాళ్ళు ఆ దెబ్బతో కార్డుల వైపు దూకారు. ఆ అల మా ఏర్పేడు రోడ్డు పక్క స్టూడియో దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

కార్డుకీ కేసెట్టుకీ అసలైన తేడా బొమ్మ నాణ్యతలో లేదు. కేసెట్టు చవక, ఒకసారి వాడి పక్కన పెట్టేస్తాం. కార్డు ప్రియం, ఖాళీ చేసి మర్నాడు ఇంకో పెళ్ళికి తీసుకుపోతాం. పొద్దున ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్ ఉన్న మాఘమాసంలో కార్డుకు విశ్రాంతి ఎక్కడిది?

ఇక్కడ కొంచెం లెక్కలు చెప్పాలి. విసుక్కోకండి. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రాసే కెమెరా గంటకు ఇరవై రెండున్నర గిగాబైట్లు నింపుతుంది. 64 గిగాబైట్ల కార్డు మూడు గంటలు కూడా రాదు. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది గదా. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. రాత్రికి ఎనిమిది గంటలంటే ఒక్క కెమెరాకే 180 గిగాబైట్లు, మూడు కార్డులు. పద్దెనిమిది రాత్రులకు దాదాపు మూడుంబావు టెరాబైట్లు. రెండు ప్రతులు దాచాలంటే ఆరున్నర. పల్లెలో చందాలు పోగుచేసి భారతం పెట్టించే పెద్దమనిషికి ఈ లెక్క ఎవరు చెబుతున్నారు? అతను కెమెరాకి డబ్బిస్తాడు, లైట్లకిస్తాడు, ఎల్‌ఈడీ తెరకిస్తాడు. హార్డ్‌డిస్కుకి పైసా ఇవ్వడు, ఎందుకంటే ఎవరూ అడగరు. ఉన్న రెండు కార్డుల్నే అర్ధరాత్రి ఖాళీ చేసుకుంటూ తిప్పాలి. నష్టం జరిగేది సరిగ్గా ఆ అర్ధరాత్రి.

నేను దగ్గరుండి చూసిందే చెబుతాను. ఊరి పేరు, షాపు పేరు అక్కర్లేదు. అర్జునుడి తపస్సు రోజు. నిలువెత్తు మాను పాతి, మెట్లు కట్టి, వేషధారి మెట్టుమెట్టుకూ నిలిచి పద్యం పాడుతూ పైకెక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. ఆ ఘట్టం మొత్తం ఒక కార్డులో ఉంది. స్టూడియో కుర్రాడు గుడారంలో లాప్‌టాప్ పెట్టుకుని కార్డు ఎక్కిస్తుండగా ఛార్జింగు అయిపోయి లాప్‌టాప్ ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేసి చూస్తే ఫైళ్ళన్నీ కనిపిస్తున్నాయి, సైజులు కూడా సరిగ్గానే చూపిస్తున్నాయి. "వచ్చేసిందిలే" అని కార్డు ఫార్మాట్ కొట్టి, ఆ రాత్రి నాటకం మళ్ళీ దాని మీదే తీశాడు. వారం తర్వాత మిక్సింగుకి కూర్చుంటే ఆ ఫైళ్ళలో సగం తెరుచుకోలేదు. చోటు కేటాయించుకున్నాయి గాని లోపల సరుకు లేదు! అర్జునుడు సగం మానులోనే ఆగిపోయాడు.

ఆ వేషం కట్టిన పెద్దాయన గొంతు తర్వాత పాడయింది, మళ్ళీ మాను ఎక్కలేదు. ఆయన కొడుకు ఆ పద్యాల వరస నేర్చుకుందామని షాపు చుట్టూ నెలరోజులు తిరిగినాడు. "అన్నా, మా నాయన గొంతు ఉంటే చాలు, బొమ్మ లేకపోయినా పర్వాలేదు" అన్నాడు. గొంతూ లేదు.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. పగలూ రాత్రీ నిద్ర లేదు, చేతిలో ఒక్క లాప్‌టాప్, వెనక యజమాని తొందర. అయినా అక్కడ రెండు మెట్లు తప్పాయి. ఫైలు పేరు, సైజు చూసి కాపీ అయిందనుకోకూడదు. కార్డులో ఉన్నదీ డిస్కులో ఉన్నదీ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చి చూసే ఏర్పాటు కంప్యూటరులో ఉంది. టెరాకాపీ లాంటి చిన్న ప్రోగ్రాముల్లో సరిచూడమని ఒక్క టిక్కు పెడితే చాలు. కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే. ఇక రెండోది: తుడిచిన కార్డు మీద మళ్ళీ తీయకుండా ఉంటే, ఉచితంగా దొరికే ఫోటోరెక్ లాంటి వాటితో చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫార్మాట్ చేస్తే పలకమీద బొమ్మ తుడిచినట్టు కాదు. విషయసూచిక చింపేసినట్టు, పేజీలు ఇంకా ఉంటాయి. వాటి మీద కొత్తగా రాస్తేనే పోతాయి. కాబట్టి అనుమానం వచ్చిన క్షణం చేయాల్సిన పని ఒక్కటే. కార్డు బయటికి తీసి, దాని చిన్న తాళం మీట లాక్ వైపు జరిపి, జేబులో పెట్టుకోవడం.

విషయసూచిక మాట వచ్చింది గనక ఇంకొకటి. మన స్టేజీల దగ్గర కెమెరాని బ్యాటరీ మీద కాకుండా కరెంటు అడాప్టరు మీద నడిపే అలవాటుంది. కరెంటు పోతుంది. జనరేటరు అందుకునేలోపు కెమెరా చచ్చిపోతుంది. ఎంపీ4 ఫైలుకు సూచిక సాధారణంగా రికార్డింగు ఆపినప్పుడు చివర్లో రాసుకుంటుంది. అది రాయకుండానే కెమెరా ఆరిపోతే ఫైలు ఎక్కడా తెరుచుకోదు. చాలామంది దాన్ని పాడైపోయిందని చెరిపేస్తారు. చెరపకండి. అదే కెమెరాతో అదే సెట్టింగులో తీసిన మంచి ఫైలు ఒకటి నమూనాగా చూపిస్తే సూచికను తిరిగి కట్టే ప్రోగ్రాములున్నాయి. అన్‌ట్రంక్ అనేది ఉచితమే. ప్రతిసారీ పనిచేస్తుందని కాదు, చేసినప్పుడు మాత్రం పోయిన మనిషి లేచొచ్చినట్టుంటుంది.

ఎడిటింగు బల్ల దగ్గరకొస్తే నాకెదురైన మొదటి ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. "నిన్న చేసిన పనంతా పోయింది, తెర అంతా ఎర్రగా ఉంది, మీడియా ఆఫ్‌లైన్ అంటోంది." ఏమీ పోలేదు నాయనా. ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు, వీడియో ఫలానా చోట ఉందని చిరునామా మాత్రం ఉంటుంది. మన మిత్రుడు హాస్టలుకి పోయి చేసుకుందామని ప్రాజెక్టు ఫైలొక్కటి పెన్‌డ్రైవులో వేసుకుపోయాడు. ఉత్తరం ఉంది, ఇల్లు లేదు. డిస్కు అక్షరం మారినా, ఫోల్డరు పేరు దిద్దినా ఇదే కథ. వీడియో, పాటలు, ప్రాజెక్టు అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టుకుని ఆ ఫోల్డరునే కదిలిస్తే ఈ జబ్బు చాలావరకు రాదు.

దీనికి అన్న లాంటిది ఇంకోటుంది. ఏవీసీహెచ్‌డీ కార్డు తెరిస్తే ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఇంకో ఫోల్డరు, అన్నిటికంటే అడుగున ఎం.టి.ఎస్. ఫైళ్ళు ఉంటాయి. తెలివైనవాడు ఆ ఫైళ్ళు మాత్రం ఏరుకుని మిగతాది చెత్త అని వదిలేస్తాడు. పొడుగాటి షాటును కెమెరా రెండేసి, నాలుగేసి గిగాబైట్ల ముక్కలుగా కోసి పెడుతుంది. ఆ ముక్కలు ఎక్కడ ఎలా అతుక్కోవాలో రాసిపెట్టింది ఆ 'చెత్త'లోనే. అది లేకుండా అతికిస్తే ప్రతి అతుకు దగ్గరా సగం మాట మింగుడుపడుతుంది. పద్యం మధ్యలో మింగితే వినేవాడికి గుండె గతుక్కుమంటుంది. కార్డును ఉన్నదున్నట్టు, మొత్తం ఎత్తి డిస్కులో పెట్టాలి. పైన ఫోల్డరుకు తేదీ, సందర్భం, కెమెరా, కార్డు నంబరు పేరుగా పెట్టాలి. ఎందుకంటే చాలా కెమెరాలు ఫార్మాట్ కాగానే మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెడతాయి. రెండు కార్డుల్ని ఒకే ఫోల్డరులో పోస్తే 'ఇదే పేరుతో ఇంకోటి ఉంది, దాని స్థానంలో పెట్టమంటావా?' అని కంప్యూటరు అడుగుతుంది. నిద్రమత్తులో సరే నొక్కామా, అంతే సంగతులు. తేదీని బట్టి వెదుకుదామంటే గడియారం బ్యాటరీ అయిపోయిన కెమెరా ఇంకా 2000 జనవరి 1లోనే కూర్చుని ఉంటుంది.

గొంతు ముందు, పెదవులు వెనక. ఇదీ అందరికీ అనుభవమే. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు, ఫోను 30. పైగా ఫోను చీకట్లో ఒకలా, వెలుగులో ఒకలా, తన ఇష్టం వచ్చినట్టు వేగం మార్చుకుంటుంది. 29.97 ఫ్రేముల వీడియోని 30 అనుకుని నడిపితేనే గంటకు మూడున్నర సెకన్ల పైన తేడా వస్తుంది. ఇక మారుతూ ఉండే వేగమైతే చెప్పేదేముంది? ఫోను ఫైళ్ళను ముందే హ్యాండ్‌బ్రేక్ వంటి దానిలో వేసి స్థిరమైన వేగానికి మార్చుకుని, ఆ తర్వాతే ఎడిటింగులోకి తీసుకోవాలి. అసలు ఫైలు మాత్రం అట్టే పెట్టాలి. మైకు సెట్టువాడి దగ్గర ధ్వని విడిగా తీసుకుంటే మొదట ఒకసారి, చివర ఒకసారి కెమెరాల ముందు చప్పట్లు కొట్టమనండి. జారింది ఎంతో ఆ రెండు చప్పట్లే చెబుతాయి. ట్యూబులైట్ల కింద తెరమీద పట్టీలు పాకుతుంటే కారణం కెమెరా పాడవడం కాదు. మన కరెంటు 50 హెర్ట్జులు, షట్టరు యాభయ్యో వంతులో పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఇది ఎడిటింగులో బాగుచేయడం కష్టం, తీసేటప్పుడే చూసుకోవాలి.

"నా కంప్యూటరు ముక్కుతోంది, కొత్తది కొనాలి" అనేవాళ్ళకు చిన్న మాట. కార్డులో పట్టడానికి కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. ఒకటి పూర్తిగా రాసి, తర్వాతివాటిలో మారినంతమేరకే రాస్తుంది. మనం మధ్యలో కత్తిరిస్తే కంప్యూటరు వెనక్కిపోయి లెక్కంతా మళ్ళీ కట్టుకోవాలి. అందుకే ముక్కుతుంది. చిన్న సైజు చిత్తుప్రతులు చేసుకుని వాటిమీద ఎడిట్ చేసి, చివర్లో అసలుతో సాపు ప్రతి తీసుకుంటే మన పాత లాప్‌టాపులే చాలు. ప్రాక్సీ అంటారు. చాలా ప్రోగ్రాముల్లో ఉంది, వాడేవాళ్ళే తక్కువ.

ఇంత చెప్పాక, "బ్యాకప్ ఉంది గదా" అనేవాళ్ళుంటారు. ఉందని అనుకోవడం వేరు, ఉండడం వేరు. పిక్సార్ కంపెనీ వాళ్ళు 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా 1998లో ఎవరో ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో సినిమా ఫైళ్ళలో చాలా భాగం చెరిగిపోయింది. బ్యాకప్ తీద్దామంటే అది కొంతకాలంగా సరిగ్గా పనిచేయడమే లేదు, చూసినవాడు లేడు. పసిబిడ్డతో ఇంటినుంచి పని చేసుకుంటున్న గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉండబట్టి గట్టెక్కారు. అంత కంపెనీకే బాలింత ఇంట్లో ఉన్న కాపీ దిక్కయింది. యూట్యూబులో ఉంది చాలదా అంటే చాలదు. అక్కడున్నది బాగా పిండి ఆరేసిన బట్ట, మనం కత్తిరించి పంపిన ముక్క. తమాషా ఏమిటంటే, టేపు అవసరం లేదన్న పెద్ద సంస్థలే దీర్ఘకాలం దాచడానికి ఎల్‌టీవో అనే కంప్యూటరు టేపుల్ని ఇప్పటికీ వాడుతున్నాయి.

మా ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం ఉంది. రెండువేల ఏళ్ళ కిందటిదని చెప్పే శివలింగం అక్కడ చెక్కుచెదరకుండా నిలబడింది. 2015లో తిరుపతిలో మొదలై తర్వాత మా మండలంలో సొంత భవనాలు కట్టుకున్న ఐఐటీ, ఐసర్‌లూ అక్కడే ఉన్నాయి. ఇంత పాతకూ ఇంత కొత్తకూ నడుమ, పోయిన సంవత్సరం పాడిన పద్యం దొరకడం లేదు.

"ఇదంతా ఖర్చు" అని మన కమిటీలో ఒక మిత్రుడు వాదించాడు. లెక్క వేసి చూపించాను. ఏడాదికి ఆరు సభలు, ఒక్కొక్కటి మూడు గంటలు, రెండేసి కెమెరాలు. మొత్తం ముప్ఫై ఆరు గంటలు, 810 గిగాబైట్లు. ఒక టెరాబైటుకు లోపే. అందుకు రెండు హార్డ్‌డిస్కులు కావాలి. ఒకటి లైబ్రరీ బీరువాలో, ఒకటి ప్రిన్సిపాలుగారి ఆఫీసులో. ఒకే గదిలో రెండూ పెడితే వాన కారినా, దొంగ పడినా రెండూ పోతాయి. ఏడాదికొకసారి రెంటినీ కంప్యూటరుకి తగిలించి తెరిచి చూడాలి. హార్డ్‌డిస్కు కూడా చిరంజీవి కాదు గనక నాలుగైదేళ్ళకు కొత్తదానిలోకి ఎత్తిపోయాలి. ఆ డబ్బు ఎక్కడనుంచి వస్తుందంటే, ఈసారి డ్రోను ఒక పూట మానేద్దాం. మన కాలేజీ పైకప్పు మనకు చూపించకపోయినా నష్టం లేదు.

వీడియో వాళ్ళతో మాట్లాడుకునేటప్పుడు కూడా ఒక షరతు పెట్టాలి. నాలుగు నిమిషాల ముక్క ఇచ్చినరోజు సగం డబ్బు. కార్డుల్లో ఉన్నది మొత్తం, ఉన్నదున్నట్టు మన డిస్కుల్లోకి ఎక్కించి, మనవాళ్ళు సరిచూశాక మిగతా సగం. వాళ్ళూ కాదనరు, వాళ్ళ డిస్కులకూ చోటు మిగులుతుంది. దీనికి యూనియన్ తరఫున ఒకరిని నియమించాలి. నాటకానికి దర్శకుడు, లైట్లకు ఒకరు, కుర్చీలకు ఒకరు ఉన్నట్టే కార్డులకు ఒకరు. ఆ మనిషి స్టేజీ ఎక్కడు, ఫోటోలో కనపడడు. చేతిలో ఒక నోటుబుక్కు ఉంటుంది. తేదీ, కెమెరా, కార్డు నంబరు, ఎవరు ఎక్కించారు, ఎవరు సరిచూశారు అని గళ్ళు గీసుకుంటాడు. రెండు డిస్కులకూ చివరి గడిలో సంతకం పడేదాకా కార్డు అతని జేబులోనే ఉంటుంది. రాబోయే కాలేజీ డేకి ఆ నోటుబుక్కు కొని, మొదటి పేజీకి గళ్ళు గీసి కల్చరల్ సెక్రటరీగారికి అప్పగించాను. పేరు రాయవలసిన చోటు ఖాళీగా వదిలాను.